విజయపురి కంసాలి కొట్టు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం కాబట్టి బంగారం గురించే మాట్లాడతానని కమిటీ వారితో అంటే నవ్వారు. నేను చెప్పబోయేది దాదాపు 1,700 ఏళ్ల కిందట మన పల్నాట్లో బంగారపు పని చేసిన ఒక మనిషి గురించి. ఆయన పేరు మనకు దక్కలేదు. ఆయన కొట్టు ఉన్న చోటు మాచర్లకు పాతిక కిలోమీటర్ల దూరంలో, సాగర్ నీళ్ల అడుగున ఉంది.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా మా సోషల్ మాస్టారు నాగార్జునకొండ పాఠం చెప్పారు. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అని ఇక్ష్వాకు రాజుల పేర్లు వరసగా బోర్డు మీద రాశారు. వాళ్ల రాజధాని విజయపురి. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల మాట. పాఠం అయ్యాక, తవ్వకాల్లో ఒక కంసాలి కొట్టు కూడా బయటపడిందని, అందులో క్రూసిబుల్, టచ్‌స్టోన్, నగల అచ్చులు దొరికాయని ఏదో ఇంగ్లీషు పుస్తకం చూసి చెప్పారు. మేం అర్థం కాకపోయినా నోట్సులో రాసుకున్నాం.

వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. వాళ్ల నాన్నగారికి బజార్లో చిన్న కొట్టుండేది. "అవి మా ఇంట్లో ఉన్నాయండీ" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "రేపు తీసుకురారా" అన్నారు.

మర్నాడు గుడ్డసంచిలో తెచ్చాడు. మాస్టారు తన కుర్చీ పక్కకు లాక్కుని, బల్ల వాడికి వదిలేశారు. క్రూసిబుల్ అంటే మూస. మట్టితో చేసిన చిన్న పాత్ర. బంగారం కరగాలంటే వెయ్యి డిగ్రీల పైన వేడి కావాలి. కుంపట్లో బొగ్గుల మధ్య మూస పెట్టి, ఊదుగొట్టంతో ఊదుతూ, వెలిగారం చల్లి కరిగిస్తారు. టచ్‌స్టోన్ అంటే మనం రోజూ అనే గీటురాయే. ఆ నల్లరాయి మీద నగను ఒక గీత గీస్తారు, పక్కన మేలిమి తెలిసిన బంగారంతో ఇంకో గీత గీస్తారు. రెండు గీతల రంగు పోల్చి కల్తీ ఎంతో చెబుతారు. వాడు వాళ్లమ్మ ఉంగరం కూడా తెచ్చి గీసి చూపించాడు. మార్కుల్లో ఎప్పుడూ చివరనుండే మనిషి ఆ రోజు నలభైమందికి పాఠం చెప్పాడు.

ఆ తరవాత నేను ఉపాధ్యాయుణ్ణయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా సోషలే చెప్పాను. నాగార్జునకొండ పాఠం వచ్చినప్పుడల్లా ఆ గుడ్డసంచి గుర్తొచ్చేది.

ఈ సభలో గురువులున్నారు కాబట్టి ఒక విషయం ప్రత్యేకంగా మనవి చేస్తాను. 1926లో ఆ లోయలో పాతకాలపు స్తంభాన్ని చూసి, ఇదేదో గొప్పదని గుర్తించి ప్రభుత్వానికి తెలియజేసింది సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు. ఆ కబురు అందాకే మద్రాసు నుంచి శాసనశాఖలోని రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. మహాచైత్యంలో ధాతువు ఉన్న చిన్న బంగారు భరిణ దొరికింది అప్పుడే. 1955 డిసెంబరు 10న నెహ్రూ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. నీళ్లు వచ్చేలోగా లోయను చదవాలి. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా తవ్వారు. కోట, అశ్వమేధం జరిగిన చోటు, స్తూపాలు, విహారాలు, గుళ్లు, మెట్ల వరసల మధ్య ఆటస్థలం బయటపడ్డాయి. ముఖ్యమైనవాటిని కొండ మీదికీ, అనుపుకూ తరలించి మళ్లీ కట్టారు. మనం ఎక్స్‌కర్షన్‌కి లాంచీలో వెళ్లి చూసింది వాటినే.

కంసాలి కొట్టును ఎవరూ తరలించలేదు. తరలించడానికి అక్కడ గోపురముందా, శిల్పముందా? పనిముట్లు మాత్రం పైకి వచ్చాయి.

అయితే రాజులు కట్టించిన ఊరు పనివాళ్లు లేకుండా ఒక్కరోజు నడవదు. దానికి సాక్ష్యం నాగార్జునకొండ శాసనాల్లోనే ఉంది. ఒక గుడి మరమ్మతుల కోసం 70 దీనారాలను శాశ్వత నిధిగా నాలుగు శ్రేణుల దగ్గర దాచారు. ఒక శ్రేణి దగ్గర 10, మిగతా మూడింటి దగ్గర ఇరవయ్యేసి. వడ్డీతో గుడి బాగుచేయాలి, అసలు కదలకూడదు. శ్రేణి అంటే ఒకే పని చేసేవాళ్ల సంఘం. ఆ నాలుగింట్లో ఒకటి తమలపాకులు అమ్మేవాళ్లదట, ఒకటి పిండివంటలు చేసేవాళ్లదట. గుడి సొమ్మును నమ్మి వీళ్ల చేతిలో పెట్టారు. ఈ రోజు మన సంఘం డిపాజిట్ బ్యాంకులో వేశాం. ఆనాటి బ్యాంకు వీళ్లే.

కొందరి పేర్లు కూడా మిగిలాయి. మన అమరావతి స్తూపానికి పూర్ణకుంభం చెక్కిన పలకను ఇచ్చినవాడు విధికుడు అనే చర్మకారుడు. తన కుటుంబం అంతటినీ కలుపుకుని ఇచ్చాడు. జగ్గయ్యపేటలో ఆయక స్తంభాలను ఇచ్చినవాడు సిద్ధార్థుడనే శిల్పి. తండ్రి పేరూ, సొంత ఊరి పేరూ రాయించుకున్నాడు.

ఇది మన ఒక్కచోటి కథ కాదు. ఇరాక్‌లోని ఊర్ నగరాన్ని 1922 నుంచి 1934 వరకు తవ్విన లియొనార్డ్ వూలీ పేరు రాజసమాధుల బంగారంతో లోకమంతా పాకింది. ఆ ఊరి బయట దిక్‌దిక్కా అనే శివారు ఉంది. అక్కడ రాజులు లేరు. గుట్టలుగా మట్టిబొమ్మలు, వాటిని తీసిన అచ్చులు దొరికాయి. అది చేతిపనివాళ్ల పేట. బంగారు కిరీటం రాణి గురించి చెబుతుంది. అచ్చు మాత్రం మామూలు ఇళ్లలో ఏ బొమ్మ పెట్టుకున్నారో చెబుతుంది.

ఇప్పుడు నా బాధ చెబుతాను. మా నాన్న నాపరాళ్ల క్వారీలో పనిచేశారు. పొర ఎక్కడ విడుతుందో రాయి మీద తట్టి, చప్పుడు విని చెప్పేవారు. ఆ చప్పుళ్లకు ఆయన దగ్గర వేర్వేరు మాటలుండేవి. నేను ఒక్కటి కూడా రాసుకోలేదు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినప్పుడు ఆయన ఉలులు, సమ్మెట పాత ఇనుము వాడికి వేసింది నేనే. ఊరి పిల్లలందరికీ చరిత్ర చెప్పినవాణ్ణి, మా ఇంటి చరిత్రను కిలోల లెక్కన అమ్ముకున్నాను.

ఆ గుడ్డసంచి మిత్రుడు కూడా ఇవాళ సభలో ఉన్నాడు. వాళ్లింట్లో ఇప్పుడు కుంపటి లేదు. కొడుకు పెద్ద నగల షాపులో కౌంటర్లో పనిచేస్తున్నాడు. నగలు ఎక్కడినుంచో తయారై వస్తాయి. నిన్న ఫోన్ చేసి అడిగితే, "నాన్న మూస, గీటురాయి దాచానురా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కాబట్టి సంఘానికి నాదొక విన్నపం. ముఖద్వారం కట్టండి, దాతల పేర్లు చెక్కించండి, తప్పులేదు. దాంతోపాటు మన బడి లైబ్రరీలో ఒక గాజు బీరువా పెట్టండి. సున్నపు బట్టీ, మగ్గం, కుమ్మరి సారె, నాగలి, క్వారీ, కంసాలి కొట్టు... మనల్ని ఈ బడికి పంపిన చేతులు పట్టుకున్న పనిముట్లు ఒక్కొక్కటి అందులో ఉండాలి. పక్కన ఆ మనిషి పేరు, ఊరు, ఆ పనిలో వాడిన మాటలు తెలుగులో రాసిపెట్టాలి. మీ అమ్మానాన్నలు ఇంకా ఉన్నవాళ్లు ఈ రాత్రే కూర్చోబెట్టి అడగండి. రేపు అనుకోకండి. నేను రేపు అనుకునే పోగొట్టుకున్నాను.

మొదటి వస్తువు ఇవ్వడానికి మావాడు ఒప్పుకున్నాడు. సంచి తెచ్చాడు. ఒరేయ్, పైకి రా. మాస్టారూ, ఆ రోజులాగే ఈ బల్ల కాసేపు వాడికి వదిలేద్దామండీ.

సెలవు.