మన పెరటి ప్రాణులు, మన పిల్లలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. స్కాలర్‌షిప్పుల సంగతి, ఫీజుల సంగతి నాకు ముందు మాట్లాడినవారు వివరంగానే చెప్పారు. నేను కరివేపాకు చెట్టు గురించి మాట్లాడతాను. నవ్వకండి, ఇదీ చదువే.

నేను ఉర్దూ మీడియం బడిలో పంతులుని. మూడో తరగతిలో డిక్టేషన్‌కి 'తిత్లీ' అని చెబితే పిల్లలు తోయ్ పెట్టకుండా తే పెట్టి చక్కగా రాస్తారు. ఆ తిత్లీ ఎక్కడ పుట్టింది, రెక్కలు రాకముందు ఎలా ఉండేది, ఏం తిన్నది అని అడిగితే మాత్రం నోరు మెదపరు. "పుస్తకంలో బొమ్మ ఉంది సార్" అంటారు. జవాబు వాళ్ల పెరట్లోనే ఉంది, చూపించేవాళ్లే లేరు.

మీ ఇంట్లో నిమ్మచెట్టో కరివేపాకు చెట్టో ఉంటే లేత ఆకులు తిప్పి చూడండి. ఆవగింజంత లేత పసుపు గుడ్డు కనబడవచ్చు. మూడు నాలుగు రోజుల్లో అందులోంచి పురుగు వస్తుంది. మొదట్లో అది అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది, ముదురు రంగు మీద తెల్లని మచ్చ. తినడానికి వచ్చిన పిట్ట కూడా రెట్టే అనుకొని పోతుంది. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు వేలితో తాకితే తల వెనకనుంచి రెండు పాయల ఎర్రని కొమ్ము బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలు కెవ్వుమని పారిపోతారు, మళ్లీ వచ్చి మళ్లీ తాకుతారు. అది కుట్టదు, విషమూ లేదు.

మన ఇళ్లలో జరిగేదేమిటి? ఆకుకు చిల్లు కనబడితే అమ్మీ చెప్పు తీస్తుంది, అబ్బా మందు డబ్బా తెస్తారు. ఆ మందు కొట్టిన ఆకే మర్నాడు ఖట్టీ దాల్ బఘార్‌లో పడుతుంది!

చెట్టు చిన్నదైతే పురుగులు మొత్తం ఆకు తినేస్తాయి, కాదనను. వాటిని ఏరి పెద్ద చెట్టు మీద వదలండి. ఒకటి రెండు మాత్రం వెడల్పు మూతి సీసాలో వేసి, పైన పాత మల్మల్ గుడ్డ కట్టి పిల్లవాడి చేతికివ్వండి. ఏ చెట్టు మీద దొరికితే ఆ చెట్టు తాజా ఆకే రోజూ వెయ్యాలి. నీళ్లు పొయ్యనక్కరలేదు. రోజూ రెట్ట తీసి శుభ్రం చెయ్యాలి, ఒక పుల్ల నిలబెట్టాలి. కొన్నాళ్లకు అది ఆ పుల్లకే నడుముకు దారం చుట్టుకొని కదలకుండా ఉండిపోతుంది. చచ్చిపోయిందని పారేయకండి. మామూలుగా వారం పది రోజుల్లో, చాలావరకు పొద్దుటిపూట, తడి రెక్కలతో సీతాకోకచిలుక బయటికొస్తుంది. రెక్కలు ఆరేదాకా దాన్ని ముట్టుకోకూడదు. తర్వాత మూత తీసి వదిలిపెట్టాలి. పిల్లలకు కష్టమైన పని ఇదే సుమండీ, వదిలిపెట్టడం.

మా తరగతిలో ఒక కుర్రవాడు ఏడాదంతా ఐదు వాక్యాలు రాసినవాడు కాదు. సీసా చేతికిచ్చాక రోజుకు ఒక పేజీ రాశాడు. ఇమ్లా సగం తప్పే. నేను ఎర్ర సిరా ముట్టలేదు.

పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1896లో బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట్లో పెరిగారు. బాల్యంలో ఒకనాడు గాలి తుపాకీతో పిచ్చుకను కొట్టారు. దాని కంఠం దగ్గర పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుక అని మేనమామను అడిగితే ఆయనకూ తెలియలేదు. "పో, పాఠం చదువుకో" అనలేదు. ఉత్తరం రాసిచ్చి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ మిల్లార్డ్ అనే దొర సొరుగులు తెరిచి, భద్రపరచిన పక్షులను ఎన్నో చూపించారు. అది 1908 సంగతి. ఆ కుర్రవాడే పెద్దయి 1931-32లో నిజాం సంస్థానంలో పక్షుల సర్వే చేశారు, 1941లో భారతదేశపు పక్షుల మీద పుస్తకం రాశారు. ఆయన 1987లో కన్నుమూశారు. ఆ కథలో నాకు బాగా నచ్చే మనిషి ఆ మేనమామ. ఆయనకు జవాబు తెలియదు, అయినా ప్రశ్నను చంపలేదు.

మరి మన పిల్లలు? తొండ కనబడితే రాయి తీస్తారు. తల ఊపి వెక్కిరిస్తుందట, గొంతు ఎర్రబడితే మనిషి రక్తం తాగుతుందట! మగ తొండ జతకట్టే కాలంలో ఎర్రబడుతుంది, సాటి మగదాన్ని బెదిరించడానికి తల ఊపుతుంది. అది తినేది చీమలనూ పురుగులనూ. ఇంట్లో పెద్దవాళ్లే ఈ కట్టుకథలు చెబుతుంటే బడిలో మేమెంత చెప్పినా ఏం లాభం?

పంజరంలో మిట్టూని పెంచుకునేవారికి ఒక మాట. మన రామచిలుకను పంజరంలో ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఉన్నట్టుండి వదిలేస్తే రెక్కలు కత్తిరించిన చిలుక బతకదు, అటవీశాఖ వారిని అడగండి.

జాగ్రత్తలూ ఉన్నాయి. రాయి కిందా, కట్టెల కిందా చెయ్యి పెట్టనివ్వకండి. తేలు, జెర్రి అక్కడే ఉంటాయి. కప్పను ముట్టుకుంటే కళ్లు నలుపుకోకుండా చేతులు కడుక్కోవాలి. పిట్టలకు పెట్టే మట్టి మూకుడులో నీళ్లు రోజూ మార్చాలి. మరిచిపోతే వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి. ఒకసారి ఆ తోకపురుగులను గాజు గ్లాసులో పిల్లలకు చూపించి, ఎండిన నేల మీద పారబోయండి.

పెరడు లేదు పంతులుగారూ అంటారు. ఉన్న సహన్ అంతా సిమెంటు చేయించింది ఎవరు? కొత్తగా కట్టేవాళ్లు మూలన గజం జాగా మట్టి వదలండి. అద్దె ఇళ్లవాళ్లు నూనె డబ్బా అడుగున చిల్లులు పెట్టి మెంతులు చల్లించండి. రెండు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, పిల్లలకు ఓపిక అంతే. ధనియాలైతే నలిపి రెండు చేసి చల్లాలి, వారం పైనే పడుతుంది. పుదీనా కాడ గుచ్చితే చాలు.

మా ఇంట్లో కరివేపాకు చెట్టు చుట్టూ పిలకలు చాలా వచ్చాయి. కావలసినవారు సభ అయ్యాక పేరు రాయించండి, ఆదివారం వచ్చి తవ్వుకోవచ్చు. పిల్లలనే పంపండి.