గుండె ఆకలి: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



సుబ్బారావు గారి పేరు తలచుకోగానే మనకు మందులు గుర్తొస్తాయి. మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ జాతికి మూలమైన ఆరియోమైసిన్, బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ గోలీలు, అన్నిటి వెనకా ఆయన లెడర్లీ సంస్థలో నడిపిన బృందాలున్నాయి. నేను మాత్రం ఆ మందులకు ముందటి సుబ్బారావును తలచుకోదలిచాను. 1920ల్లో హార్వర్డ్‌లో కూర్చుని, కండరం దేనితో పనిచేస్తుందని అడిగిన మనిషిని. గుండె వైఫల్యం గురించి ఇవాళ మనం వేసుకునే ప్రశ్నలకు ఆ పనే పునాది.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల డాక్టర్లు, నర్సులు, వైద్య విద్యార్థులైన మీకు గుండె వైఫల్యం కొత్త కాదు. "నాలుగడుగులేస్తే దమ్మొస్తంది సారూ, కాళ్ళు ఉబ్బినయి" అంటూ వచ్చే మనిషిని ప్రతి ఓపీలో చూస్తున్నారు. దాని చరిత్రను పాఠ్యపుస్తకాలు 1785లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విథరింగ్ డిజిటాలిస్ ఆకు మీద రాసిన పుస్తకంతో మొదలుపెడతాయి. నేను 1835లో, మద్రాసులో మొదలుపెడతాను.

ఆ ఏడు జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు బెరిబెరి మీద ఒక గ్రంథం అచ్చువేశారు. ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా తీరంలో, ఆ జబ్బు పాతుకుపోయి ఉండేది. కాళ్ళకు నీరు పట్టేది, ఆయాసం వచ్చేది, కొందరు ఉన్నట్టుండి చనిపోయేవారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే అది ఆహారలోపం తెచ్చిన గుండె వైఫల్యం. ఇదే మాల్కమ్సన్ భూగర్భ శాస్త్రంలోనూ పేరున్నవారు. నిర్మల్ కొండల్లో నల్లరాతి పొరల మధ్య దొరికిన మంచినీటి నత్తల శిలాజాలను లోకానికి తెలిపింది ఆయనే. బెరిబెరి చరిత్రలో మొదటి పేర్లలో ఒకటి మన ఆదిలాబాద్ దారుల్లో నడిచిన మనిషిది.

కారణం తెలియడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. 1880ల్లో జపాన్ నౌకాదళ వైద్యుడు తకాకి, నావికుల తిండి మార్చి బెరిబెరిని దాదాపు తుడిచిపెట్టారు. 1890ల్లో జావాలో ఐక్మన్, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మేసిన కోళ్ళకు కాళ్ళు పడిపోవడమూ, తవుడు పెడితే కోలుకోవడమూ చూశారు. ఆ తవుడులో ఉన్నది థయమిన్, అంటే విటమిన్ బి1. 1926లో దాన్ని వేరుచేశారు. 1936లో ప్రయోగశాలలో తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్. ఆయన 1886లో పుట్టింది మన నెల్లూరులో, బాప్టిస్టు మిషనరీల ఇంట. తర్వాత మనీలాలో పనిచేస్తూ తవుడు సారంతో బెరిబెరి బిడ్డలు కోలుకోవడం కళ్ళారా చూసి, పాతికేళ్ళు ఆ పదార్థం వెంటపడ్డారు.

మన దేశంలో ఈ పరిశోధనకు ఇల్లు కట్టింది కూడా ఆ జబ్బే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో 'బెరిబెరి విచారణ' మొదలుపెట్టారు. అది పెరిగి పోషకాహార పరిశోధనాలయమైంది, 1958లో హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో మీరు చూసే ఆ ప్రాంగణానికి మూలం తెలుగు తీరాన్ని కూడా పీడించిన ఒక గుండె జబ్బు. కూనూరులో మెక్‌కారిసన్ తర్వాత వచ్చిన ఎక్రాయిడ్, ఉత్తర సర్కారులకే బెరిబెరి ఎందుకు అంటిపెట్టుకుందో తేల్చారు. అక్కడి పేదలు తినేది మిల్లాడించిన పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అంతే బీదరికం ఉన్నా ఆ జబ్బు లేదు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పొట్టు కింది బి1 గింజ లోపలికి దిగుతుంది, పాలిష్ దాన్ని పూర్తిగా లాక్కుపోలేదు. బియ్యాన్ని పదేపదే కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలింది కూడా పోతుంది.

ఇక సుబ్బారావు గారి దగ్గరికి వద్దాం. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, బోస్టన్ చేరారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండరాన్ని పనిచేయిస్తే అది తరిగిపోయేది, విశ్రాంతినిస్తే మళ్ళీ చేరేది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు.

ఏటీపీ చేతిలోని చిల్లర అనుకుంటే, ఫాస్ఫోక్రియాటిన్ పక్కనే ఉన్న గల్లాపెట్టె. గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకోవడానికి సుమారు ఆరు కిలోల ఏటీపీని ఖర్చుచేస్తుందని లెక్క. నిల్వ ఉండేది కొద్ది సెకన్లకు సరిపడేదే. కాబట్టి ఎప్పటికప్పుడు కొవ్వునూ చక్కెరనూ మండించి తయారుచేసుకోవాలి. చక్కెర ఆ మంటలోకి పూర్తిగా చేరాలంటే బి1 కావాలి. ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ 1930ల్లో దీన్ని చూపించారు. భీమవరం బిడ్డ పనీ, నెల్లూరులో పుట్టిన విలియమ్స్ పనీ ఒకే కణంలో కలుసుకున్నాయి.

అయినా చాలాకాలం వైద్యులు గుండెను నెత్తురు తోసే యంత్రంగానే చూశారు. నీరు పడితే నీరు తీయాలి, ఆయాసమొస్తే మంచం మీద పడుకోబెట్టాలి. 1980ల్లో సుబ్బారావు కొలిచిన ఫాస్ఫరస్‌నే, కోత లేకుండా, అయస్కాంత యంత్రాలతో మనిషి శరీరం బయటినుంచి కొలవడం మొదలైంది. గుండె వైఫల్యం ఉన్నవారు కొద్దిపాటి పని చేస్తేనే చేతికాళ్ళ కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ వేగంగా తరిగిపోతోందని, రక్తం తక్కువ చేరడం ఒక్కటే దానికి కారణం కాదని తేలింది. 1997లో జర్మనీ వైద్యులు గుండెనే కొలిచి, ఏటీపీతో పోలిస్తే ఫాస్ఫోక్రియాటిన్ తగ్గినవారు ముందుగా చనిపోతున్నారని చూపారు. ఎకోలో ఒకే అంకె ఉన్న ఇద్దరిలో ఒకరు బజారుకు నడిచి వెళ్ళగలగడం, ఇంకొకరు గడప దాటలేకపోవడం మీరూ చూసే ఉంటారు. తేడాలో పెద్ద భాగం కండరంలో ఉంది.

కండరమే సమస్య అయితే పడుకోబెట్టడం చెరుపు చేస్తుంది. 2009లో వెలువడిన హెచ్‌ఎఫ్-యాక్షన్ అధ్యయనం 2,331 మంది రోగుల్లో దాదాపు సగం మందికి వ్యాయామం నేర్పి, మిగతావారితో పోల్చి చూసింది. మరణాల మీద ప్రభావం స్వల్పమే, కానీ వ్యాయామం సురక్షితమని, బతుకు తేలికవుతుందని రుజువైంది. 2016లో అమెరికాలో స్థూలకాయం ఉన్న వంద మంది వృద్ధ రోగులకు 20 వారాలపాటు మితాహారం, నడక ఇస్తే రెండూ విడివిడిగా శ్రమశక్తిని పెంచాయి, కలిపితే మరింత పెంచాయి.

ఉప్పు సంగతి అంత సులువుగా తెగలేదు. 2022లో వచ్చిన సోడియం-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో ఆరు దేశాల 806 మంది పాల్గొన్నారు. సోడియాన్ని రోజుకు 1,500 మిల్లీగ్రాముల లోపు దించాలన్న లక్ష్యంతో ఆహారం మార్చినా చావులు, ఆసుపత్రి చేరికలు తగ్గలేదు. ఆ ఆరు దేశాల్లో మనది లేదు. ఆ రోగులు అప్పటికే రోజుకు రెండు గ్రాముల పైచిలుకు సోడియంతో సరిపెట్టుకుంటున్నవారు. ఆవకాయ, అప్పడం, పచ్చిపులుసు ఉన్న కంచానికి ఆ ఫలితాన్ని అతికించి ఉప్పు ఎంతైనా తినొచ్చని చెప్పడం తప్పు.

బి1 విషయమూ తెగలేదు. కాళ్ళ వాపుకు మనం రాసే ఫ్యూరోసెమైడ్, మూత్రంతోపాటు బి1ని కూడా పంపించేస్తుంది. 1990ల్లో ఇజ్రాయెల్‌లో జరిగిన చిన్న అధ్యయనాల్లో బి1 ఇస్తే గుండె పనితీరు మెరుగైంది. తర్వాతివాటిలో ఫలితాలు ఒకేలా లేవు. కానీ మూడుపూటలా పాలిష్ అన్నం, దానికి తోడు మద్యం, పైన ఫ్యూరోసెమైడ్ ఉన్న మనిషి ఆ అధ్యయనాల్లో ఎక్కడ ఉన్నాడు?

ఆ మనిషి ఇక్కడున్నాడు. శ్రీరాంసాగర్ నీళ్ళు రాకముందు ఈ నేల మీద జొన్న గట్క, మక్క గట్క పేదల తిండి. కాలువల వెంట వరి వచ్చింది, రేషన్ బియ్యం ఊరూరికీ చేరింది. ఎండలకు యాసంగి వడ్లు పచ్చిగా ఆడిస్తే నూకలవుతాయి కాబట్టి సుల్తానాబాద్, పెద్దపల్లి మిల్లులు ఉప్పుడు బియ్యం చేస్తాయి. అది కేరళకు, తమిళనాడుకు పోతుంది. బి1 నిలిచిన బియ్యాన్ని బయటికి పంపి, పోయిన బియ్యాన్ని మనం వండుకుంటున్నాం. బలవర్ధక బియ్యంలో ఇనుము, బి12తోపాటు సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బి1 మాత్రం తప్పనిసరి జాబితాలో లేదు. అలాగని జొన్నను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1960లో గోపాలన్, శ్రీకాంతియా దక్కను జొన్న తినేవారిలో పెల్లగ్రా అనే పోషకలోప జబ్బు మూలాలను వెతికి చూపారు. ఏ ధాన్యమైనా కంచంలో ఒంటరిగా ఉంటే లోటే.

2013లో తిరువనంతపురం వైద్యులు 1,205 మంది గుండె వైఫల్య రోగుల పేర్లు నమోదుచేసి వెంట నడిచారు. సగటు వయసు 61. దాదాపు మూడోవంతు మంది ఏడాదిలోపే పోయారు. కేరళకు ఆ లెక్క ఉంది. ఉత్తర తెలంగాణకూ అలాంటిది కావాలి.

ఇది పెద్ద ఖర్చు పని కాదు. 1985లో కెనడాలో గయాట్ బృందం గుండె రోగుల శక్తిని ఆరు నిమిషాల నడకతో కొలవవచ్చని చూపింది. కావలసింది 30 మీటర్ల వరండా, గడియారం, చూసి రాసే ఒక నర్సు. కరీంనగర్ వైద్య కళాశాలలకు, ఆదిలాబాద్ రిమ్స్‌కు నా విన్నపం ఒక్కటే. గుండె వైఫల్యంతో వచ్చిన ప్రతి మనిషినీ ఆరు నిమిషాలు నడిపించండి. ఏ బియ్యం తింటున్నారో, గంజి వారుస్తున్నారో లేదో, జొన్న ఎన్ని పూటలో, మద్యం ఎంతో కేస్‌షీట్‌లో రాయండి. రుజువైన నాలుగు రకాల మందులు ఆపకుండా ఇస్తూ, బి1 లోపాన్ని పరీక్షించండి. ఉట్నూరు జొన్న కంచాన్నీ మానకొండూరు అన్నం కంచాన్నీ పక్కపక్కన పెట్టి ఏడాది చివర లెక్క తీయండి. సుబ్బారావు గారు ఏటీపీని కనిపెట్టక ముందు కొలిచే పద్ధతిని కనిపెట్టారు. మనమూ కొలవడంతోనే మొదలుపెడదాం.