బలిపీఠపు బట్టలు, ఉతికిన చేతులు
వెలిమెలలో చేసిన స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసం ఏ తల్లి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆమె వేదిక ఎక్కిన మనిషి కాదు. గుడిలో శాక్రిస్టీ, అంటే పూజా సామగ్రి ఉంచే గది, చూసుకునేది. పూజకు కావలసిన గుడ్డలు ఉతికి, పలచగా గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడతలు చెదరకుండా అరలో సర్దేది. తన పేరు ఎక్కడా అచ్చు వేయవద్దని ఆమె కోరుకున్నదట, కుటుంబం ఆ మాట నిలబెట్టింది. నేనూ నిలబెడతాను. అయితే ఆమె చేసిన పని గురించి మాట్లాడకుండా ఉండలేను. పీఠం మీది బట్టల సంకేతార్థాల గురించి వేదశాస్త్రులు చాలా రాశారు. ఆ అర్థాలు ఎవరి చేతుల్లో బతికి ఉన్నాయో రాసినవారు తక్కువ. ఈ రోజు నా మాటలన్నీ ఆ చేతుల చుట్టే తిరుగుతాయి.

దివ్యబలిపూజలో కానుకల సమర్పణ దగ్గర ఒకసారి పీఠం వైపు జాగ్రత్తగా చూడండి. పీఠమంతా పరిచిన తెల్లని వస్త్రం ఒకటి ఉంటుంది. పాత పద్ధతిలో అవి మూడు ఉండేవి, పైది రెండు పక్కలా నేల దాకా జారేది. ఇప్పుడు కనీసం ఒకటి ఉంటే చాలునంటారు. దాని మీద గురువుగారు మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న ఇంకో చిన్న గుడ్డ విప్పుతారు. అది కార్పొరల్. అప్పం, పానపాత్ర ఉండవలసింది దాని మీదే. విప్పినప్పుడు తొమ్మిది గడులు కనిపిస్తాయి, ఎందుకంటే అటు మూడు మడతలు, ఇటు మూడు మడతలు. ఆ మడతలన్నీ లోపలికే ఉండాలి. దివ్యసత్ప్రసాదపు సన్నని పలుకు ఏదైనా రాలితే గుడ్డ దాన్ని తనలోనే దాచుకోవాలి, కింద పడనివ్వకూడదు. అందుకే దాన్ని దులపరు. ఒక చేత్తో లాగి తీయరు. పని అయ్యాక ఏ వరసలో విప్పారో దానికి తిరుగు వరసలో మడుస్తారు.

పాత్రను తుడిచే ప్యూరిఫికేటర్ పొడవునా మూడు మడతలుగా ఉంటుంది. పాత్ర మీద మూతలా పెట్టే గట్టి చదరం పాల్. అది దుమ్ము, ఈగలు పడకుండా కాపాడుతుంది. పూర్వం ఈ పాల్ వేరుగా ఉండేది కాదు, కార్పొరల్ వెనక అంచునే పాత్ర మీదికి మడిచి కప్పేవారు. కార్తూసియన్ మఠవాసులు ఇప్పటికీ అలాగే చేస్తారు.

ఇవన్నీ మొదట పనికొచ్చే గుడ్డలు. ఒకటి తుడుస్తుంది, ఒకటి పట్టుకుంటుంది, ఒకటి కప్పుతుంది. అర్థం ఆ పనిలోంచే పుట్టింది. అరిమత్తయి యోసేపు కొన్న నారబట్ట యేసు దేహాన్ని పట్టుకున్నట్టు కార్పొరల్ ఆయన దేహాన్ని పట్టుకుంటుందని సంఘం చెప్పుకుంది. బేత్లెహేములో మరియమ్మ చుట్టిన పొత్తిగుడ్డలూ అక్కడే గుర్తొస్తాయి. యోహాను సువార్త ఖాళీ సమాధి దగ్గర తలగుడ్డ విడిగా చుట్టి ఉందని ప్రత్యేకంగా చెబుతుంది. ఉత్థానానికి మొదటి సాక్ష్యం బట్టల సర్దుబాటు! శాక్రిస్టీలో పనిచేసే వారికి ఆ వాక్యం చదివినప్పుడు కలిగే ఉలికిపాటు మిగతావారికి కలగదేమో.

ఇక ఉతుకు సంగతి. నా దృష్టిలో అసలు విషయం ఇదే.

1917 నాటి చర్చి ధర్మశాస్త్రంలో 1306వ నియమం ఉంది. పూజలో వాడిన ప్యూరిఫికేటర్, పాల్, కార్పొరల్ ఈ మూడింటినీ సాధారణ విశ్వాసులకు ఉతకడానికి ఇవ్వకూడదు, మఠకన్యలకు కూడా ఇవ్వకూడదు. ముందు ఉపడీకను, డీకను, గురువు, వీరిలో ఒకరు స్వయంగా వాటిని నీళ్లలో జాడించాలి. ఆ మొదటి నీళ్లు కాలువలో పోయకూడదు. నేరుగా నేలలోకి ఇంకేలా గుడిలో కట్టిన ప్రత్యేకమైన తొట్టిలో పోయాలి, అది లేకపోతే నిప్పులో పోయాలి. ఆ తర్వాతే మామూలు ఉతుకు.

ఆ నియమాన్ని తెలంగాణ పల్లె నుంచి చదవండి. ఒకరి మైల బట్ట ముట్టడం ఒక కులం మీద వేసిన బరువు మన ఊళ్లలో. పురిటి బట్టలు, చావు బట్టలు, ముట్టు బట్టలు వారి గడపకే పోయేవి. అంత చేసినవారికి గడప బయట నిలబడి అన్నం అడుక్కునే రాత రాసిపెట్టారు. చాకలి ఐలమ్మ పుట్టిన నేల మనది, ఇది మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అదే కాలంలో రోము నియమం ఉతుకు పనిని పట్టాభిషిక్తుడికి అప్పగించింది. పీఠం మెట్లెక్కేవాడే తొట్టి దగ్గర వంగి గుడ్డ జాడించాలి. ఊరు అట్టడుగున పెట్టిన పని, గుడిలో పీఠానికి అన్నిటికన్నా దగ్గరి పని అయింది. ఇంతకన్నా లోతైన సంకేతం నాకు పూజా వస్త్రాలలో ఎక్కడా కనిపించలేదు.

1983 ధర్మశాస్త్రంలో ఆ పాత నిషేధం లేదు. ఇప్పుడు స్త్రీలు, యువకులు, శాక్రిస్టన్లు ఎవరైనా ఉతకవచ్చు. అది మంచి మార్పు. కానీ పద్ధతి పోలేదు. 2004లో రోము వెలువరించిన ‘రెదెంప్త్సియోనిస్ సాక్రమెంతుమ్’ ఈ గుడ్డలను సంప్రదాయ పద్ధతిలోనే శుభ్రం చేయాలని చెబుతుంది. మొదటి ఉతుకు చేత్తో చేసి, ఆ నీటిని తగిన చోట నేలలో పోయడం మెచ్చదగినదని అంటుంది. ఆ తర్వాత మెషీన్‌లో వేసుకున్నా తప్పులేదు.

మన ప్రాంతంలో ఇది ఇప్పుడు నిజమైన చిక్కు. రామచంద్రపురంలో బీహెచ్‌ఈఎల్ ఫ్యాక్టరీ వచ్చిన 1960ల నుంచి పని కోసం ఇక్కడికి తరలివచ్చిన కథోలికులు ఎందరో ఉన్నారు. కోస్తా జిల్లాల వారు, కేరళ వారు, తమిళులు, ఈ మధ్య జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఆదివాసులు. అద్దె హాల్లోనో, కాలనీ గదిలోనో, అపార్టుమెంటు కమ్యూనిటీ హాల్లోనో పూజ జరుగుతుంది. అక్కడ నేల ఎక్కడుంది? గుడ్డలు ఎవరో సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతారు, వాషింగ్ మెషీన్‌లో మిగతా బట్టలతో కలిపి తిప్పుతారు. వారిని నేను తప్పు పట్టను, వారికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవారు చెప్పాలి. ఒక గిన్నె నీళ్లు, పది నిమిషాలు, ఏదో ఒక చెట్టు మొదలు. దీనికి మించి ఏమీ అక్కర్లేదు.

బట్టకూ కులానికీ మన దగ్గర ఉన్న లంకె ఉతుకుతో ఆగదు. దొర ఎదురైతే భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకోవలసిన రోజులు మన తాతలు చూశారు. తలగుడ్డ కట్టుకునే హక్కు కూడా అందరికీ ఉండేది కాదు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారి తల మీద పోపు ఫ్రాన్సిస్ ఎర్రని టోపీ పెట్టారు. కార్డినల్ అయిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయన. ఆ టోపీ ఎరుపు విశ్వాసం కోసం నెత్తురు చిందించడానికైనా సిద్ధమన్న ప్రమాణం. మన ఊళ్లలో దానికి ఇంకో అర్థం కూడా చేరింది. ఆ రోజు టీవీలో చూసిన ఎందరో పెద్దవాళ్లకు అది వివరించి చెప్పాల్సిన అవసరం రాలేదు. తెలుగు సంఘంలో కులం పోలేదని నాకు తెలుసు. వేరు శ్మశానాలు, వేరు వరసలు మన మధ్యా ఉన్నాయి. జ్ఞానస్నానంలో ప్రతి బిడ్డకూ అదే తెల్లబట్ట కప్పుతామే, చనిపోయాక శవపేటిక మీద ఆ తెల్లబట్టను గుర్తుచేసే వస్త్రమే పరుస్తామే, మధ్యలో ఉన్న ఏళ్లలో ఆ తెలుపు ఎక్కడికి పోతోంది?

గురుపట్టాభిషేకంలో కూడా ఒక బట్ట ఉంది. పాత విధిలో కొత్త గురువు అరచేతులకు తైలం రాసి, రెండు చేతులూ నారగుడ్డతో కట్టేవారు. ఆ గుడ్డను ఆయన తన తల్లికి ఇచ్చేవారు. ఆమె చనిపోయినప్పుడు ఆమె చేతుల్లో పెట్టి సమాధి చేసేవారు. ఇప్పటి విధిలో చేతులు కట్టడం లేదు. తైలం తుడిచిన గుడ్డను తల్లికి ఇచ్చే ఆచారం మాత్రం చాలా చోట్ల బతికే ఉంది.

కప్పే బట్టల గురించి కొద్దిగా. దివ్యసత్ప్రసాద మందసానికి తెర వేస్తాం. ఆశీర్వాదం ఇచ్చేటప్పుడు గురువుగారు భుజాల మీది పొడవాటి వస్త్రంతో చేతులు కప్పుకుని పాత్రను పట్టుకుంటారు, దీవించేది తాను కాదని. తపస్సుకాలం ఐదో ఆదివారం నుంచి కొన్ని గుడులలో సిలువలకు, స్వరూపాలకు ఊదా బట్ట కప్పుతారు. పవిత్ర శుక్రవారం సిలువ ముసుగును మూడు విడతలుగా తొలగిస్తూ, ప్రతిసారీ పిలుపు పాడతారు. పెళ్లిలో వధూవరుల మధ్య అడ్డుతెర పట్టే మనకు ఇది అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. తెర ఉన్నంతసేపూ కళ్లు తెర మీదే ఉంటాయి. ఆడవాళ్లు గుడిలో తల కప్పుకోవాలన్న నియమం 1917 ధర్మశాస్త్రంలో ఉంది, 1983 దాంట్లో లేదు. మన తల్లులు కొంగు తల మీదికి లాక్కోవడం మానలేదు. అది వారి ఇష్టం. కప్పుకోని అమ్మాయిని ఎవరూ గుర్రుగా చూడకూడదు, కప్పుకున్న అమ్మమ్మను వెనుకబడిందనీ అనకూడదు.

ఇప్పుడు పత్తి గురించి. మన సంగారెడ్డి జిల్లాలో వానాకాలం ఎటు చూసినా పత్తి చేలే. ఆ పత్తికి పీఠం మీద చోటు లేదని 1819లో రోము తీర్పు ఇచ్చింది. పీఠపు వస్త్రాలు, కార్పొరల్, గురువు వేసుకునే తెల్లని ఆల్బ్ అవిసె నారతోనో, జనపనారతోనో నేయాలి, నూలు పనికిరాదు. ప్రభువును చుట్టింది నారబట్ట కదా అన్నది దాని వెనక ఉన్న భావం. ఆ భావాన్ని గౌరవిస్తాను. కానీ పత్తి దేశానికి ఆ తీర్పు ఎంత పరాయిగా వినిపించి ఉంటుందో చూడండి.

అంతకు చాలా ముందే ఒక ఫ్రెంచి జెస్విటు మన నూలు గొప్పతనాన్ని చూశాడు. గాస్తోన్ లోరాన్ కేర్దూ 1732లో భారతదేశం వచ్చి, తెలుగు నేర్చి, కర్ణాటక మిషన్‌లో పనిచేశాడు. ఆ మిషన్ గురువులు కావి బట్టలు కట్టి సన్యాసుల్లా తిరిగేవారు. 1742లో ఆయన రాసిన లేఖలో కోరమాండల్ అద్దకం రహస్యాలన్నీ వరసగా ఉన్నాయి. నూలు బట్టకు కరక్కాయ, బర్రెపాలు పట్టించడం, చిరివేరుతో ఎరుపు తేవడం. ఆయనకు అవి చెప్పింది కొత్తగా జ్ఞానస్నానం పొందిన అద్దకం పనివాళ్లే. అప్పటికి ఫ్రాన్సులో అలాంటి బట్టల మీద నిషేధం ఉంది, 1686 నుంచి 1759 దాకా. ఆ శతాబ్దంలోనే మద్రాసు ఆర్మేనియన్ వర్తకులు తమ గుడుల పీఠాల ముందు వేసే తెరలు ఈ తీరపు అద్దకంతో చేయించుకున్నారు. తపస్సుకాలంలో మూసి ఉంచే తెరలవి. తూర్పు సంఘం మన అద్దకాన్ని పీఠం దాకా రానిచ్చింది. మన లాటిను సంఘం ఆ పని చేయడానికి ఎంతో కాలం పట్టింది.

1969 ఏప్రిల్ 25న రోము భారతదేశానికి పూజా విధిలో పన్నెండు మార్పులకు అనుమతి ఇచ్చింది. డి.ఎస్. అమలోర్పవదాస్ గారు, బెంగుళూరులో 1967లో మొదలైన పూజా విధుల జాతీయ కేంద్రంలోని వారు వాటి కోసం పాటుపడ్డారు. మోకరించే బదులు అంజలి, కొవ్వొత్తి బదులు నూనె దీపం, మామూలు పూజా వస్త్రాల బదులు అంగవస్త్రంతో ఒక నిలువు అంగీ. కార్పొరల్ బదులు ఒక పళ్లెం, తాంబూలపు పళ్లెం లాంటిది, వాడవచ్చునన్నారు. అంగవస్త్రాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. పళ్లెం మాత్రం ఒప్పుకోలేను. లోహం తుడిస్తే మెరుస్తుంది, దానికి ఉతుకు లేదు, మడత లేదు. పీల్చుకోదు, తడవదు, నలగదు. దేహాన్ని పట్టుకున్న గుడ్డకు మళ్లీ ఎవరో ఒకరు వంగి సేవ చేయాలి. పళ్లెం పెడితే ఆ సేవే పోతుంది. కావలసింది గుడ్డను తీసేయడం కాదు, మన గుడ్డను తేవడం.

ఆ దారి ఇప్పుడు తెరిచే ఉంది. పూజా గ్రంథపు సాధారణ నిబంధనల్లో 343వ అంశం ఆయా ప్రాంతాల సహజమైన నేత బట్టలతో పూజా వస్త్రాలు కుట్టుకోవచ్చని చెబుతోంది. పూజ గౌరవానికి తగితే కృత్రిమ బట్టలకూ అడ్డు చెప్పలేదు. మనం మాత్రం చాలా చోట్ల ఆ రెండో వెసులుబాటే పట్టుకున్నాం. గురువు పైన వేసుకునే చాజుబుల్ దుకాణంలో కొన్న పాలియెస్టర్, మెషీన్ లేసు కుట్టిన పీఠం గుడ్డ, చివరికి ప్యూరిఫికేటర్ కూడా సింథటిక్. పాలియెస్టర్ తడి పీల్చదు. పాత్రలో మిగిలిన ద్రాక్షారసపు చుక్క దాని మీద జారిపోతుంది. ప్యూరిఫికేటర్ చేయవలసిన ఒకే ఒక్క పని అది చేయలేకపోతే దానికి సంకేతార్థం ఎక్కడి నుంచి వస్తుంది?

పోచంపల్లిలో, గద్వాలలో, నారాయణపేటలో, సిద్ధిపేటలో మగ్గాలు ఇంకా నడుస్తున్నాయి. నర్సాపురంలో ఆడవాళ్ల చేతి లేసు ఉంది. కార్పొరల్‌కు పట్టు, రంగు ఏవీ అక్కర్లేదు, చిక్కని నేత గల తెల్లని నూలు గుడ్డ చాలు. మూరెడు చదరం, నాలుగు అంచులూ మడిచి కుట్టినవి, ముందు వైపు మధ్యలో చిన్న సిలువ. ఇలాంటి గుడ్డలు డజను చేనేత సహకార సంఘంలో నేయించి తమ గుడి విచారణకు ఇవ్వడం ఏ కుటుంబానికైనా సాధ్యమే. వెండి పాత్ర దానం చేయలేని ఇల్లు కూడా ఇది ఇవ్వగలదు.

వచ్చే పవిత్ర గురువారం రాత్రి పీఠం మీది బట్టలన్నీ తీసి పీఠాన్ని ఉత్తగా వదిలేస్తాం. ఆ రాత్రి వాటిని తీసే పని ఎప్పుడూ ఒకరిద్దరు పెద్దవాళ్ల మీదే పడుతుంది. ఈసారి ఆ పనికి ప్రతి విచారణలో ఇద్దరు అబ్బాయిల్ని, ఇద్దరు అమ్మాయిల్ని పక్కన నిలబెట్టండి. తొమ్మిది గడుల మడత వాళ్ల చేతులతో వేయించండి. మొదటి ఉతుకు వాళ్లతోనే చేయించి, నీళ్లు ఎక్కడ పోయాలో చూపించండి. గురువుగారూ వాళ్ల పక్కన కూర్చుని ఒక గుడ్డ జాడిస్తే ఆ 1306వ నియమం ఏం చెప్పిందో వాళ్లకు ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది.