తెల్లదొర కలంలో సురపురం

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత హైదరాబాద్ రాజ్యం గురించి తెల్ల సైనికాధికారులు రాసిన పుస్తకాలను మనం చదవాల్సిందే. కానీ రాసిన చేతికి జీతం ఎవరిచ్చిండ్రో అడుగుతూ చదవాలె. ఇయ్యాల ఒక్క పుస్తకం సంగతే మాట్లాడుకుందాం.

ఫిలిప్ మెడోస్ టేలర్ 1808లో లివర్‌పూల్‌లో పుట్టిండు. వ్యాపారి దగ్గర కొలువుకని బొంబాయి వచ్చి, 1824లో నిజాం సైన్యంలో చేరిండు. ఆయన ఆత్మకథ చనిపోయినంక, 1877లో అచ్చయింది. ఆ సైన్యానికి పేరు నిజాంది, పెత్తనం ఇంగ్లిష్ అధికారులది, ఖర్చు మన రైతుల శిస్తు. ఆ ఖర్చుల బాకీ చూపించే 1853లో కంపెనీ బేరార్‌ను, రాయచూర్ దోఆబ్‌ను చేతిలోకి తీసుకున్నది.

కృష్ణా, భీమా నదుల నడుమ బేడర్ల సంస్థానం సురపురం. ఇప్పుడది కర్ణాటకలోని యాద్‌గిరి జిల్లాలో ఉన్నది. రాజు వెంకటప్ప నాయక్ పసివాడు కావడంతో 1840లలో పాలన టేలర్ చేతికొచ్చింది. ఆ పిల్లవాడు టేలర్‌ను 'అప్పా' అని పిలిచేవాడు. 1853లో రాజుకు అధికారం అప్పగించి టేలర్ వెళ్లిపోయిండు.

1858 ఫిబ్రవరిలో ఆ రాజే ఇంగ్లిష్‌వాళ్ల మీద తిరగబడ్డడు. సైన్యం సురపురాన్ని చుట్టుముట్టింది. రాజు హైదరాబాద్‌కు తప్పించుకొని వచ్చి పట్టుబడ్డడు. మరణశిక్షను చివరికి నాలుగేండ్ల ఖైదుగా తగ్గించిండ్రు. చెంగల్పట్టుకు తీసుకపోతుంటే దారిలో తుపాకి గుండుకు ప్రాణం పోయింది. అది ప్రమాదవశాత్తు జరిగి ఉంటదని టేలర్ రాసిండు. 1860లో సురపురాన్ని ఇంగ్లిష్‌వాళ్లు తమ పక్షాన నిలిచిన నిజాంకు బహుమానంగా ఇచ్చిండ్రు.

టేలర్ దుఃఖం అబద్ధమని మేము అనడం లేదు. చెరువుల పనులు చేయించిన మాటా నిజమే. కానీ చేతుల మీద పెరిగిన పిల్లవాడు ఎందుకు ఎదురుతిరిగిండు? చెడు సలహాదారులు చెడగొట్టిండ్రంటే సరిపోతదా? గద్దె మీద కూర్చున్న రాజుకు తన రాజ్యం మీద ఏ హక్కు మిగిలింది? ఆ ప్రశ్న అడిగితే 'అప్పా' అనే పిలుపు వెనుక ఉన్న పెత్తనం కనిపిస్తది.

వెంకటప్ప ఆత్మకథ రాయలేదు. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్ కూడా రాయలేదు. ఓడినోళ్లకు పుస్తకం రాసే తీరిక, పింఛను ఎక్కడివి? కాబట్టి దొర పుస్తకం ఒక సాక్ష్యమే, తీర్పు కాదు. విద్యార్థులు తార్నాక ఆర్కైవ్స్‌లో పాత కాగితాలు తిరగేయాలె. ఊర్లల్ల పెద్దల నోటి మాటలను రాసిపెట్టాలె. అవన్నీ పక్కపక్కన పెట్టుకొని చదివినప్పుడే మన చరిత్ర మనకు దక్కుతది.