బిడ్డ ఎందుకు పోయింది?



పసిబిడ్డ పోతే ఊళ్ళో ఏమంటారు? "తలరాత" అంటారు. "గాలి సోకింది" అంటారు. లేకపోతే తల్లినే ఆడిపోసుకుంటారు. అసలు కారణం తెలియకుండానే పోతుంది.

మన దేశంలో 1990లో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 80 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020లో ఆ లెక్క 28. తలరాతే అయితే ఇంత తగ్గేదా?

నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, నెమ్ము, విరేచనాలు. ఎక్కువమంది బిడ్డలు వీటితోనే పోతారు. తల్లికి రక్తపోటు పెరిగినా, కాన్పు కష్టమైనా బిడ్డ కడుపులోనే పోవచ్చు.

అందుకే కారణం వెతకాలి. 2014లో కేంద్ర ప్రభుత్వం దీనికి ఒక పద్ధతి పెట్టింది. ఐదేళ్ళలోపు బిడ్డ పోతే ఆశా కార్యకర్త ఆ కబురు పైకి చెప్పాలి. ఏఎన్‌ఎం ఇంటికి వచ్చి వివరాలు రాసుకోవాలి.

జబ్బు చేసిందని ఎప్పుడు గుర్తించారు? ఆస్పత్రికి బయలుదేరడానికి ఎవరి కోసం ఆగారు? బండి ఎంతసేపటికి దొరికింది? ఆస్పత్రిలో వెంటనే చూశారా? ఇలా అడుగుతారు. ఇది తల్లిని తప్పుపట్టడానికి కాదు. ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి. ఆలస్యం ఆస్పత్రిలోనే జరిగితే, అదీ భయపడకుండా చెప్పాలి.

రాసుకున్నది చూపించమని అడగండి. మీకిప్పుడు చదువు వచ్చు. కూడబలుక్కునైనా చదవండి. తప్పు ఉంటే దిద్దించండి.

బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, డొక్కలు ఎగరేసినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.