ఛాసిస్ నంబరు రాసుకొని రండి
(ఉప్పునుంతల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పల్లీ బస్తాలు అచ్చంపేట మార్కెట్‌కు పోవాలన్నా, పత్తి ఏరే కూలీలు చేనుకాడికి రావాలన్నా ఇప్పుడు చిన్న ట్రాలీ బండే దిక్కు. మనయి ఎక్కువ సెకండ్‌హ్యాండ్ బండ్లు.

2018లో మారుతి కంపెనీ ఇంధన ఫిల్టర్ లోపమని 5,900 సూపర్ క్యారీ బండ్లను వెనక్కి పిలిచింది. 2021లో మహీంద్రా 29,878 పికప్ బండ్లను పిలిచింది. వాటిలో ఒక ఫ్లూయిడ్ పైపు సరిగ్గా బిగించలేదని అనుమానం. ఇట్లాంటి రిపేరుకు పైసా తీసుకోరు.

మరి ఆ కబురు మనదాకా వస్తదా? రికార్డులో పేరున్న ఓనరుకే ఫోను పోతది. మనమేమో బండి కొంటం, ఆర్‌సీ మార్చం. నేనూ మూడేండ్లు పాత పేరు మీదనే నడిపిన. ఒకనాడు బ్రేకు పట్టక మట్టికట్టకు గుద్ది ఆగిన. వెనుక పదకొండు మంది కూలీలు. తప్పు బండిదో, మెకానిక్‌దో నాకిప్పటికీ తెలియదు. సామాన్ల బండిలో మనుషులను ఎక్కించింది మాత్రం నా తప్పే.

2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్ ఉంది. ఓనర్ల ఫిర్యాదులు తగినన్ని వస్తే బండ్లను వెనక్కి పిలవమని సర్కారే కంపెనీని ఆదేశించవచ్చు. మెకానిక్ షెడ్డుకాడ తిట్టుకుంటే అది లెక్కలోకి రాదు. పైగా 2021 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనలు ఏడేండ్ల లోపు బండ్లకేనట! మన ఊళ్లల్ల అంత కొత్త బండ్లెన్ని? ఈ గడువు పెంచాలని సంఘం తరఫున అడుగుదాం.

వచ్చే మీటింగుకు ఆర్‌సీ మీది ఛాసిస్ నంబరు రాసుకొని రండి. కంపెనీ వెబ్‌సైట్‌లో మన పిల్లలే చూసి చెప్తరు.