కరవది నుండి శ్రీరంగం దాకా: షేక్ చిన మౌలానా స్మృతి
(నరసరావుపేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు మనం స్మరించుకొంటున్న నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారు 1924లో ఒంగోలు సమీపాన గల కరవదిలో జన్మించారు. తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా గల కుటుంబం వారిది. తొలి పాఠాలు తండ్రిగారైన కాశిం సాహెబ్ వద్దనే నేర్చారు. ఆ తరువాత విద్య చెప్పిన గురువు చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబ్ గారు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడి చిలకలూరిపేట అందులో చేరింది. ఈ గురుశిష్య బంధం మాత్రం జిల్లాల పటాల కన్న ఎంతో పాతది. శ్రీరంగంలో మారుమోగిన ఆ నాదంలో పల్నాటి గురువు పాలు ఉన్నదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

అంతటి విద్య వచ్చిన పిదప కూడా వారు తమిళనాడు వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకన్ను గార్ల వద్ద తంజావూరు బాణీని అభ్యసించారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు వారిని వరించాయి. 1999లో పరమపదించారు.

బిరుదుల కన్న మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకొన్నది వారి కుటుంబ జీవనం. తండ్రి నుండి అందుకొన్న విద్యను మనుమలైన కాశిం, బాబులకు అందించారు. 1982లో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించి ఇతరుల బిడ్డలకూ నేర్పారు. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2021లో పద్మశ్రీ లభించింది. ఒక ముస్లిం స్త్రీ భర్త సరసన కూర్చుండి నాదస్వరం వాయించి జాతీయ గౌరవం పొందడం మన ఆడబిడ్డలకు చెప్పవలసిన మాట.

గుడి ముందు సన్నాయి ఊదే ముస్లిం కళాకారుని అటువారూ ఇటువారూ ప్రశ్నిస్తుంటారు. “నీకు ఇక్కడేమి పని?” అని ఒకరు, “నీకు అక్కడేమి పని?” అని మరొకరు. మన రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రతి పౌరునికి తనకు నచ్చిన వృత్తి చేసుకొనే స్వేచ్ఛ ఇచ్చింది. మౌలానా గారు తమ పేరు మార్చుకోలేదు, తమ వాద్యాన్నీ విడువలేదు. ఈ ప్రశ్నకు అంతకు మించిన జవాబు మాకు తోచదు.

ఇక అసలు విన్నపం. మేము ప్రభుత్వ కార్యాలయాల్లో దస్త్రాల నడుమ జీవితం గడిపిన వాళ్లం. విశ్రాంతి పొందిన పిదప మా వద్దకు వచ్చే దరఖాస్తుల్లో వృద్ధ కళాకారులవి ఉంటాయి. నలభై ఏళ్లు పెళ్లిళ్లకు, తిరునాళ్లకు మేళం వాయించిన మనిషి చేతిలో ఒక్క కాగితం ఉండదు. సంభావనను తాంబూలంలో పెట్టి ఇస్తారు గాని రశీదు ఎవరిస్తారు? ఒక కార్డులో షేక్ అనే మాటకు ఇంగ్లీషులో ఒక వర్ణక్రమం, మరొక కార్డులో వేరొకటి. ఆ ఒక్క అక్షరంతోనే దరఖాస్తు తిరిగి వస్తుంది. విద్య ఉండీ రుజువు లేక పింఛను అందని వారిని చూచినప్పుడు మనసు కలుక్కుమంటుంది.

కనుక చదువుకొన్న యువకులు మాచర్ల, గురజాల, సత్తెనపల్లి, చిలకలూరిపేట ప్రాంతాల్లో ఉన్న సన్నాయి, డోలు కళాకారుల ఇండ్లకు వెళ్లాలి. పాత శుభలేఖలు, కరపత్రాలు, ఛాయాచిత్రాలు సేకరించాలి. వాయించిన దేవాలయాల నుండి ధ్రువపత్రాలు కోరాలి. గురువు పేరు, నేర్చిన కాలం, వాయించిన ఊళ్లు ఒక పుస్తకంలో వ్రాయించి, కళాకారుని చేత సంతకమో వేలిముద్రో వేయించాలి. గుర్తింపు కార్డులన్నిటిలో పేరు ఒక్క తీరున ఉండేటట్లు సరిచేయించాలి. దరఖాస్తు వ్రాసే పని మాకు వదలండి. కూర్చుండి వ్రాయడం మాకు అలవాటే.

ఆదం సాహెబ్ వంటి గురువులు ఈ నేలపై ఇంకా ఎందరు ఉండిరో వారి ఇంటివారు చెబితేనే తెలుస్తుంది. చెప్పగల పెద్దలు ఉండగానే ఈ పని మొదలుపెడదాం. ఈ సభ ముగిసిన తరువాత పేర్లు ఇవ్వదలచిన వారు మా వద్దకు రండి. పుస్తకం, కలం తెచ్చుకొన్నాం.

ఖుదా హాఫిజ్.